శ్రీలంక కొండల్లో గోల లేని లాడ్జ్: హపుతలే, ఒహియా వైపు ఉండి వచ్చినవాళ్ళు కాస్త చెప్పండి

మబ్బుదారి:
అందరికీ నమస్తే అండి. ఫిబ్రవరిలో శ్రీలంక వెళ్దామనుకుంటున్నాం, నేను, మా ఆయన, మా అత్తయ్య. బీచ్ వద్దని ముగ్గురం ముందే తేల్చేసుకున్నాం. కొండల్లో లోపలికి ఎక్కడైనా ఒక లాడ్జ్ తీసుకుని, రోజుకో ఊరు మారకుండా అక్కడే ఉండిపోవాలి, పొద్దున లేచి వరండాలో కూర్చుంటే ఎదురుగా కొండలు కనపడాలి, అంతే మా కోరిక. ఎవర్నడిగినా ఎల్లా వెళ్ళండి అంటున్నారు. వీడియోల్లో చూస్తే వీధి పొడుగునా కేఫ్‌లు, రాత్రిళ్ళు పాటలు, ఆ తొమ్మిది కమానుల వంతెన దగ్గర ఫోటోల కోసం జనం. మాకు కావాల్సింది అది కాదు. మ్యాప్‌లో చూస్తే హపుతలే, ఇదల్‌గషిన్న, ఒహియా అని పేర్లు కనిపిస్తున్నాయి. ఆ వైపు ఉండి వచ్చినవాళ్ళుంటే చెప్పండి. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు, మెట్లు ఎక్కువ ఎక్కలేరు, పైగా శాకాహారి. చలి, వాన, జలగల సంగతి కూడా చెప్తే పుణ్యం ఉంటుంది.

రైలుబండి:
హపుతలేకి వెళ్ళండి, రెండో ఆలోచన వద్దు. ఆ ఊరు సుమారు 1,430 మీటర్ల ఎత్తులో సన్నటి కొండ వీపు మీద ఉంటుంది, రోడ్డుకి ఇటు నిలబడితే దక్షిణాన మైదానం మొత్తం కిందికి జారిపోయి కనిపిస్తుంది, అటు తిరిగితే ఊవా అనే ప్రాంతం వైపు కొండలు. మబ్బు లేని పొద్దున అయితే దక్షిణ సముద్ర తీరం దాకా కనపడుతుంది. ఎల్లాలో వ్యూ బావుంటుంది కానీ అది రెండు కొండల సందులోంచి చూసే వ్యూ, హపుతలేలో కళ్ళకి అడ్డేమీ ఉండదు.

రైలు మాత్రం వదులుకోకండి. కొలంబో నుంచి బదుల్ల దాకా వెళ్ళే లైను అది, 1924లో బదుల్ల చేరింది, మన బ్రాడ్‌గేజే. పట్టిపొల స్టేషన్ దాదాపు 1,890 మీటర్ల ఎత్తు, ఆ దేశంలో అన్నిటికన్నా ఎత్తైన స్టేషన్. అది దాటగానే సొరంగాలు వరసగా వస్తాయి, ఒక సొరంగంలోకి వెళ్ళేటప్పుడు ఎండ, బయటికి వచ్చేసరికి తెల్లటి పొగమంచు, ఒహియా నుంచి ఇదల్‌గషిన్న మీదుగా హపుతలే దాకా ఇదే వరస. కొలంబో నుంచి మొత్తం కూర్చుంటే ఎనిమిది తొమ్మిది గంటలు పడుతుంది, అత్తయ్యగారికి అంత కష్టం కాబట్టి కండి నుంచో నాను ఓయ నుంచో ఎక్కండి. రిజర్వేషన్ 30 రోజుల ముందు తెరుస్తారు, తెరిచిన కాసేపటికే అయిపోతుంది, ఆ రోజు అలారం పెట్టుకుని కూర్చోవాల్సిందే.

తీరికపిట్ట:
నేను చెప్పేది లాడ్జ్ ఎంచుకోవడం గురించి, ఎందుకంటే అక్కడే ట్రిప్ బాగుపడేదీ పాడయ్యేదీ. ఫోటోలు చూసి బుక్ చెయ్యకండి, ఫోన్ చేసి అడగండి. మొదట, వాహనం ఆగే చోటు నుంచి మీ గది గుమ్మం దాకా ఎన్ని మెట్లు అని అడగండి. కొండ లాడ్జ్‌లన్నీ వాలు మీదే కడతారు, రోడ్డు పైన ఉంటుంది, గదులు కింద ఉంటాయి, వ్యూ బాగున్న గది అన్నిటికన్నా కింద ఉంటుంది. "కొంచెం మెట్లున్నాయి మేడం" అంటే నమ్మొద్దు, అంకె చెప్పమనండి. తర్వాత, వేణ్ణీళ్ళు గీజర్ మీద వస్తాయా సోలార్ మీద వస్తాయా అని. సోలార్ అయితే మబ్బు పట్టిన రోజు చన్నీళ్ళే, అక్కడ మబ్బు పట్టని మధ్యాహ్నం ఉండదు. మూడోది దుప్పట్లు, గదికి ఎన్ని ఇస్తారు, అదనంగా ఇస్తారా. ఫిబ్రవరి రాత్రిళ్ళు హపుతలేలో పన్నెండు, పదమూడు డిగ్రీలకి పడిపోతుంది, గదుల్లో హీటర్లు చాలా చోట్ల ఉండవు, ఫ్యాన్ కూడా ఉండదు, ఆ అవసరమే రాదు.

ఇంకోటి ఎవరూ చెప్పరు. బట్టలు ఆరవు. ఉతికి వరండాలో వేస్తే రెండు రోజులైనా చెమ్మగానే ఉంటాయి, ఎందుకంటే మూడింటికల్లా మబ్బు వరండాలోకే వచ్చేస్తుంది. తువ్వాలు కూడా పొద్దున తీసుకుంటే నిన్నటి తడి తగులుతుంది. లోపలి బట్టలు, సాక్సులు లెక్కకి మించి పెట్టుకోండి.

ఎల్లాదారి:
ఎల్లాని మరీ అంతగా తోసెయ్యకండి అండి. గోలంతా ఆ మెయిన్ రోడ్డు మీద అర కిలోమీటరే. నాలుగు కిలోమీటర్లు దాటి కితాలెల్ల వైపో, నముణుకుల వైపో ఎస్టేట్ రోడ్డు పట్టుకుంటే అక్కడా పిట్టల చప్పుడు తప్ప ఏమీ ఉండదు. పైగా ఎల్లా సుమారు వెయ్యి మీటర్లే కాబట్టి చలి తక్కువ, పెద్దవాళ్ళకి అదే సుఖం. మందుల షాపు కావాలన్నా, టాక్సీ కావాలన్నా పిలిస్తే వస్తాయి. ఒహియాలో రాత్రి ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఏం చేస్తారు? అది కూడా చూసుకోండి.

రైలుబండి:
ఎల్లాదారి గారి ఆఖరి మాట నిజం, ఒప్పుకుంటున్నా. ఒహియా అంటే స్టేషను, దాని చుట్టూ నాలుగు ఇళ్ళు, అంతే. పెద్దవాళ్ళతో అయితే హపుతలేకి దగ్గర్లోనే ఉండండి. హపుతలేలో ఆసుపత్రి చిన్నదే, పెద్దది కావాలంటే దియతలావ, బండారవేల దగ్గర్లోనే ఉన్నాయి. ఆ దారి పగలు ఇబ్బంది లేదు, చీకటి పడ్డాక పొగమంచులో నెమ్మదిగా వెళ్ళాలి.

పక్షులగోల:
హపుతలేలో ఉంటే ఒక్క పొద్దున మాత్రం హోర్టన్ ప్లెయిన్స్‌కి ఇవ్వండి. 2,100 మీటర్లకి పైన ఉన్న పీఠభూమి అది, 1988లో నేషనల్ పార్క్ చేశారు, 2010లో పీక్ వైల్డర్‌నెస్, నకిల్స్ అనే ఇంకో రెండు కొండ అడవులతో కలిపి యునెస్కో వారసత్వ జాబితాలోకి వెళ్ళింది. మహవెలి, కెళణి, వళవె మూడు నదుల నీళ్ళూ ఆ గడ్డి కిందే మొదలవుతాయి. వరల్డ్స్ ఎండ్ అని పీఠభూమి ఒక్కసారిగా తెగిపోయే చోటు ఉంది, దాదాపు 870 మీటర్ల లోతు. గేటు ఆరింటికి తీస్తారు, అప్పటికే అక్కడ ఉండాలి. తొమ్మిది దాటితే చూడ్డానికి తెల్లటి గోడ తప్ప ఏం మిగలదు. కింద మైదానంలో ఎండ పడి గాలి వేడెక్కుతుంది, ఆ తేమ గాలి కొండ గోడ వెంబడి పైకి పాకుతుంది, పైకి వచ్చేకొద్దీ చల్లబడి మబ్బు అయిపోతుంది, అందుకే రోజూ దాదాపు ఒకే టైముకి మూసుకుపోతుంది. హపుతలే లాడ్జ్‌లోనూ ఇదే లెక్క. పొద్దున కళ్ళకి, మధ్యాహ్నం దుప్పటికి. వ్యూ ఉన్న గది తీసుకుని ఎనిమిదిన్నర దాకా పడుకుంటే డబ్బు దండగ.

గేటు దగ్గర బ్యాగులు చూస్తారు, ప్లాస్టిక్ కవర్లన్నీ తీసేయిస్తారు, వాటర్ బాటిల్ మీద లేబుల్ కూడా చింపేస్తారు. బిస్కెట్లు ముందే కాగితం పొట్లంలోనో స్టీలు డబ్బాలోనో వేసుకెళ్ళండి.

జనవరి, ఫిబ్రవరిలో తెల్లారుజామున గడ్డి మీద మంచు గడ్డకట్టి ఉంటుంది. సాంబర్ దుప్పులు రోడ్డు పక్కనే నిలబడి ఉంటాయి, ముక్కు దగ్గర ఊపిరి ఆవిరై కనపడుతుంది. వాటికి తిండి పెట్టొద్దు, పెట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, అలవాటుపడ్డ జంతువు బండ్ల కింద పడుతుంది, ప్లాస్టిక్ మింగుతుంది.

మబ్బుదారి:
ఇంత వివరంగా చెప్పినందుకు చాలా థాంక్స్ అండి. హపుతలేకే ఫిక్స్ అయ్యాం. రెండు డౌట్లు. హోర్టన్ ప్లెయిన్స్ నడక 9 కిలోమీటర్లు అంటున్నారు, అత్తయ్య నడవలేరు, ఆవిడ్ని లాడ్జ్‌లో ఒక్కదాన్నే వదిలి వెళ్ళడం ఇష్టం లేదు. ఆవిడకి ఆ పరిసరాల్లో చూడ్డానికి ఏముంటాయి? రెండోది భోజనం, ఆవిడ గుడ్డు కూడా ముట్టరు.

వంటిల్లు:
భోజనం సంగతి నేను చెప్తా, నేనూ మీ అత్తయ్యగారి బాపతే. శ్రీలంకలో శాకాహారం దొరకదనేది ఉత్త మాట, రైస్ అండ్ కర్రీ అని అడిగితే అన్నంతో పాటు నాలుగైదు కూరలు పెడతారు, అందులో మూడు కాయగూరలే ఉంటాయి. పప్పుని పరిప్పు అంటారు, కొబ్బరిపాలు పోసి చేస్తారు. పనసకాయ కూర, బీట్‌రూట్, అనపకాయ లాంటివి, ఆకుకూరలు సన్నగా తరిగి కొబ్బరి కలిపే మల్లుం, అన్నీ బావుంటాయి. మోసం అంతా ఒకే చోట ఉంటుంది, ఉంబలకడ. ఎండబెట్టి గట్టిగా చేసిన చేప అది, పొడి కొట్టి పోల్ సంబోల్ అనే కొబ్బరి పచ్చడిలో, కొన్నిసార్లు పప్పులో, కాయగూరల్లో కూడా రుచి కోసం వేస్తారు. చూస్తే తెలీదు, కొబ్బరి కోరులో కలిసిపోతుంది. వెజిటేరియన్ అంటే "మాంసం లేదు" అనే అర్థం చేసుకుని ఉంబలకడ వేసేవాళ్ళున్నారు, వాళ్ళ తప్పేం కాదు, వాళ్ళకది మసాలా లెక్క. అందుకని వంటావిడకే "ఉంబలకడ ఎపా" అని స్పష్టంగా చెప్పండి, తమిళం వచ్చిన మనిషి అయితే "మాసి వేండాం" అనండి.

కొండల్లో లాడ్జ్‌ల్లో రాత్రి భోజనం మధ్యాహ్నమే చెప్పెయ్యాలి, ఏడింటికి వచ్చి ఏముంది అంటే ఏమీ ఉండదు, ఎందుకంటే కూరలు బజారు నుంచి మీ లెక్కకే తెస్తారు. పొద్దున ఇడియాప్పాలు, పరిప్పు అడగండి, పెద్దవాళ్ళకి తేలిగ్గా అరుగుతుంది. కొల కంద అని ఆకుల రసంతో చేసే పచ్చటి గంజి ఉంటుంది, ఒక బెల్లం ముక్క కొరుక్కుంటూ వేడివేడిగా తాగుతారు. చలిలో దాన్ని మించింది లేదు.

గుట్టలపోరడు:
అక్కా, మేము పోయినప్పుడు మా అమ్మను నాయినను తోలుకొని పోయినం, ఎయిర్‌పోర్టు కాడికెళ్లి వ్యాన్ మాట్లాడుకున్నం. రైలు టికెట్ దొరకకుంటే పరేషాన్ కాకుండ్రి. రత్నపుర, బలంగొడ, బెలిహుల్ ఓయ మీదికెళ్లి ఏ4 రోడ్డు ఉంటది, బెరగల కాడ పైకి తిరిగితే హపుతలే. అయిదారు గంటలు పడ్తది. బెలిహుల్ ఓయ దాటినంక మలుపులు మస్తుంటయ్, అమ్మకు వాంతులైనయ్, గోలీ ముందే ఏసుకోవాలె. సాయంత్రం అయిదు లోపల చేరేటట్టు చూసుకోండ్రి, తర్వాత పొగమంచు దిగితే ముందటి బండి లైట్లు గూడ కనపడయ్. ఇంకోటి, డ్రైవర్‌కు పండనీకె జాగ ఉన్నదా అని లాడ్జ్‌ల అడగాలె. మాకు ఒక కాడ లేదన్నరు, ఆ మనిషి చలిల వ్యాన్‌లనే పన్నడు, పొద్దుగాల తెలిసి మా నాయిన మస్తు బాధపడ్డడు. ముందే అడిగి, దానికి పైసలు కట్టుడు మన బాధ్యతే.

తీరికపిట్ట:
అత్తయ్యగారికి చూడ్డానికి: అడిషమ్ బంగళా. 1931లో సర్ థామస్ విలియర్స్ అనే ప్లాంటర్ రాతితో కట్టించుకున్న ఇల్లు, ఇప్పుడు బెనెడిక్టైన్ సన్యాసుల మఠం. శని, ఆదివారాలు, పోయ అనే పౌర్ణమి సెలవు రోజుల్లో లోపలికి రానిస్తారు. తోట నేలబారుగా ఉంటుంది, బెంచీలుంటాయి, సన్యాసులు తయారుచేసిన స్ట్రాబెరీ జామ్, జామ జెల్లీ అమ్ముతారు. పక్కనే తంగమలై అడవి, అందులో లోపలికి వెళ్ళక్కర్లేదు, అంచున కూర్చుంటే చాలు. లిప్టన్స్ సీట్ అని కొండ మీద వ్యూ చూసే చోటు ఉంది, దానికి కూడా నడవక్కర్లేదు, త్రీవీలర్ దాదాపు పైదాకా వెళ్తుంది. దారిలో దంబతెన్న టీ ఫ్యాక్టరీ, 1890లో టీ వ్యాపారి లిప్టన్ కట్టించింది. త్రీవీలర్ వాడితో పొద్దున అయిదున్నరకే రమ్మని ముందురోజు మాట్లాడుకోండి.

చరిత్రపుట:
దంబతెన్న పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. ఆ తోటల్లో ఆకు కోసేవాళ్ళు ఎవరో తెలుసుకుని వెళ్ళండి. 1869లో కాఫీ తోటలకి తుప్పు తెగులు పట్టి మొత్తం నాశనమయ్యాక అక్కడ టీ వచ్చింది, అంతకు రెండేళ్ళ ముందే జేమ్స్ టేలర్ అనే ప్లాంటర్ కండి దగ్గర లూల్‌కందురలో టీ తోట వేశాడు. కాఫీ కాలం నుంచీ తమిళ జిల్లాల నుంచి కూలీలని నడిపించి తీసుకొచ్చారు. 1948లో స్వాతంత్య్రం వచ్చిన ఏడాదే కొత్త పౌరసత్వ చట్టంతో ఆ జనాన్ని ఏ దేశానికీ కాకుండా చేశారు. 1964లో శ్రీలంక ప్రధాని సిరిమావో, మన ప్రధాని శాస్త్రి ఒప్పందం చేసుకుని మనుషుల్ని ఇటు ఇంతమంది, అటు ఇంతమంది అని పంచుకున్నారు. మిగిలినవాళ్ళకి పూర్తిగా పౌరసత్వం దక్కింది 2003లో. మీరు బస చేసే ప్లాంటర్ బంగళా కిటికీలోంచి కింద కనిపించే పొడుగాటి రేకుల కప్పులు వాళ్ళ లైన్ ఇళ్ళు. అవి కూడా వ్యూలో భాగమే అన్నట్టు ఫోటోలు తియ్యకండి. ఆకు కోస్తున్న ఆడవాళ్ళని నిలబెట్టి ఫోటో తీసేవాళ్ళుంటారు, ఆ నిలబడ్డ టైములో వాళ్ళ బుట్ట తూకం తగ్గుతుంది, తూకాన్ని బట్టే కూలి.

ఎల్లాదారి:
వాళ్ళు ప్రశాంతంగా ఉండటానికి లాడ్జ్ అడిగితే మనం చరిత్ర పాఠం పెడుతున్నామేమో అండి.

మబ్బుదారి:
లేదండి, ఉండనివ్వండి. వెళ్ళే ముందు తెలియాల్సిన విషయమే ఇది. అత్తయ్యకి చదివి వినిపించా, ఆవిడకి తమిళం వచ్చు, వాళ్ళతో మాట్లాడతాను అంటున్నారు.

వానలెక్క:
సీజన్ గురించి ఎవరూ రాయలేదు. శ్రీలంక అంటే మే నుంచి సెప్టెంబర్ దాకా వాన అని అందరూ అనేస్తారు, అది నైరుతి వైపు కొండలకి, కొలంబో, రత్నపుర, నువర ఎళియ పడమటి వాలుకి. హపుతలే ఊవా అంచున ఉంది, ఆ నెలల్లో నైరుతి మబ్బులు అవతలి వైపే కురిసేసి ఇటు పొడిగాలై దిగుతాయి. జూలై నుంచి సెప్టెంబర్ దాకా వీచే ఆ పొడిగాలికే ఊవా టీకి ప్రత్యేకమైన వాసన వస్తుంది. గాలి మాత్రం రాత్రంతా రేకుల్ని ఊపేస్తుంది, నిద్ర తేలికైనవాళ్ళకి కష్టం. ఊవాకి అసలు వానలు అక్టోబర్ నుంచి జనవరి దాకా, ఈశాన్య రుతుపవనాలతో. మీరనుకున్న ఫిబ్రవరి రెండోవారం తర్వాత, మార్చి మంచి టైము.

ఒక హెచ్చరిక కూడా. 2025 నవంబర్ చివర్లో దిత్వా తుఫాను ఆ కొండల్ని ఘోరంగా దెబ్బతీసింది, కొండచరియలు విరిగిపడి చాలామంది చనిపోయారు, రైలు మార్గం చాలా చోట్ల తెగిపోయింది. అందుకని ఏ సెక్షన్లో రైళ్ళు తిరుగుతున్నాయో టికెట్ తీసుకునే ముందు చూసుకోండి, లాడ్జ్ వాళ్ళనీ అడగండి, వాళ్ళకి నిజమైన పరిస్థితి తెలుస్తుంది. వానాకాలంలో వెళ్ళేవాళ్ళెవరైనా ఈ థ్రెడ్ చదువుతుంటే, కొండచరియల హెచ్చరిక ఇచ్చిన రోజు ఎంత డబ్బు కట్టినా సరే వాలు మీద గదిలో ఉండొద్దు.

మందులపెట్టె:
జలగలకి వస్తున్నా. తేయాకు తోటల్లో రోడ్డు మీద నడిస్తే ఫిబ్రవరిలో పెద్దగా ఉండవు, తడి అడవిలో, తడి గడ్డిలో ఉంటాయి. ప్యాంటు సాక్సులోకి దోపుకోండి, లేదా మోకాలిదాకా వచ్చే జలగ సాక్సులు వేసుకోండి. పట్టుకుంటే పీకొద్దు, నిప్పు పెట్టొద్దు, ఉప్పు కూడా వద్దు, కంగారులో అది కడుపులోది కక్కితే పుండు చీము పట్టొచ్చు. సన్నగా ఉన్న కొన దగ్గర గోరు పెట్టి పక్కకి తోస్తే వదిలేస్తుంది, తర్వాత లావు కొన విడిపించండి. అది రక్తం గడ్డకట్టకుండా చేసే పదార్థం వదులుతుంది కాబట్టి చాలాసేపు కారుతూనే ఉంటుంది, సబ్బుతో కడిగి గట్టిగా అదిమి కట్టు కట్టండి. అత్తయ్యగారు రక్తం పలచబడే మందులేమైనా వాడుతుంటే అడవి అంచున గడ్డిలో కూర్చోబెట్టొద్దు. ఆమె మందులన్నీ రోజుల లెక్కకి మించి పెట్టుకోండి, ప్రిస్క్రిప్షన్ కాపీతో సహా.

నకిల్స్‌పిచ్చి:
ఇంకా ఏకాంతం కావాలనుకునేవాళ్ళకి నకిల్స్ కొండలు ఉన్నాయి, సింహళంలో దుంబర అంటారు. మీమురె, రివర్స్‌టన్ వైపు. కానీ మోకాళ్ళ నొప్పులవాళ్ళకి కాదు, మీమురె రోడ్డు చూస్తే బండివాడే ఆలోచిస్తాడు. ఒంట్లో సత్తువ ఉన్నవాళ్ళు మాత్రం తప్పక వెళ్ళండి.

మబ్బుదారి:
వెళ్ళొచ్చాం అండి. మీ అందరికీ చెప్పకుండా ఉండలేక రాస్తున్నా, పొడుగైతే ఏమనుకోకండి.

హపుతలే ఊరికి కొంచెం అవతల, ఎస్టేట్ రోడ్డు మీద, ఆరు గదుల పాత బంగళా. తీరికపిట్ట గారు చెప్పినట్టు ఫోన్లో మెట్లు అడిగాం, మూడు చోట్ల వాళ్ళు చెప్పిన అంకె విని వదిలేశాం, నాలుగోవాళ్ళు "ఐదు మెట్లు, పట్టుకోడానికి కమ్మీ ఉంది" అన్నారు, అలాగే ఉంది. రైలు గురించి వాళ్ళనే అడిగాం, టికెట్లు కుదరక రోడ్డు మీదే వెళ్ళాం, గుట్టలపోరడు తమ్ముడు చెప్పిన దారే, మాత్రలు ముందే వేసుకున్నాం, నాలుగున్నరకల్లా చేరిపోయాం. డ్రైవర్‌కి వంటింటి వెనక గది ఇచ్చారు.

మొదటి సాయంత్రం ఏమీ కనపడలేదు. వరండా అంచున మందారం కొమ్మ దాకా కనిపిస్తోంది, ఆ తర్వాత తెలుపు. మా ఆయన ముఖం కొంచెం వాడిపోయింది. పొద్దున ఐదున్నరకి అత్తయ్యే లేపారు. తలుపు తీస్తే కింద అంతా మైదానం, చెరువులు పళ్ళేల్లా మెరుస్తున్నాయి, దూరంగా ఉడవళవె జలాశయం అని వంటాయన చూపించాడు. ఆరున్నరకి ఎండ పక్క కొండ మీద పడింది, తేయాకు వరసల మధ్య దారులు ఒక్కోటీ విడివిడిగా కనపడ్డాయి. తొమ్మిదింటికి కింద లోయలో ఒక తెల్లటి ముక్క పుట్టింది, అది చూస్తుండగానే చీలి, రెండు పాయలై, గోడ వెంబడి పైకి ఎక్కి మా ముందు రెయిలింగ్ దాటి టీ కప్పు మీదుగా గదిలోకి వచ్చింది. పక్షులగోల గారు చెప్పిన లెక్క కళ్ళతో చూశాం. ఆ తర్వాత రోజూ అదే చూశాం, ఒక్క రోజు కూడా ఒకేలా లేదు.

నిశ్శబ్దం అంటే చప్పుడు లేకపోవడం కాదని అక్కడ ఉంటేనే తెలుస్తుంది. పొద్దున తోటలో కూలీలని పిలిచే సైరన్, ఎక్కడో కోవెల్లో పాట, కుక్కలు, అడవి వైపు నుంచి ఊదాముఖం కోతి గొంతు పెద్దగా. ఇవన్నీ దూరం నుంచి వస్తాయి, వచ్చి పోతాయి. మనసు వాటి కోసం ఎదురుచూడటం మొదలుపెడుతుంది. ఇంటికి తిరిగి వచ్చే ముందు కండి దగ్గర ఒక హోటల్లో ఒక రాత్రి ఉన్నాం, పెళ్ళి డీజే అర్ధరాత్రి దాకా, అడిగినా తగ్గించలేదు, కాబట్టి ఆ తేడా ఇంకా బాగా తెలిసింది.

హోర్టన్ ప్లెయిన్స్‌కి మా ఆయన ఒక్కరే వెళ్ళొచ్చారు, నేను అత్తయ్యతో ఉన్నా. అందుకు నాకేం చింత లేదు. అత్తయ్య వంటింట్లో పీట వేసుకుని వంటావిడతో అరవంలో కబుర్లు, ఆవిడ కొబ్బరి కోరే యంత్రం బల్ల అంచుకి బిగించి చెయ్యి తిప్పుతుంటే అత్తయ్య చిప్ప పట్టుకున్నారు. ఉంబలకడ లేకుండా పచ్చిమిర్చి, ఉల్లిపాయ, నిమ్మరసంతో సంబోల్ ఇద్దరూ కలిసి చేశారు. ఆవిడ ముత్తాత రామనాథపురం వైపు నుంచి వచ్చాడట, అక్కడ ఎవరున్నారో ఆవిడకి తెలీదు. వాళ్ళ అమ్మాయి టీచర్ ట్రైనింగ్ చేస్తోందని రెండు మూడుసార్లు చెప్పింది. వచ్చేసేటప్పుడు అత్తయ్య తన శాలువా ఇచ్చేశారు.

బట్టలు ఆరలేదు. అది మాత్రం అక్షరాలా నిజం.

పక్షులగోల:
ఎంత బాగా రాశారండి. శ్రీలంక నీలి మాగ్‌పై కనపడిందా? పసుపు చెవుల పికిలిపిట్ట బంగళా తోటల్లోకే వస్తుంది.

మబ్బుదారి:
పికిలిపిట్ట రోజూ వచ్చేది, చెవి దగ్గర పసుపు కుచ్చు స్పష్టంగా కనపడింది. నీలిది అడిషమ్ వెనక చెట్ల మీద ఒక్కసారి, ఎర్ర ముక్కు, ఎర్ర కాళ్ళు, చూసేలోపే వెళ్ళిపోయింది.

కొత్తగావచ్చా:
అక్కా మేము మార్చిలో వెళ్తున్నాం, మీ పోస్ట్ చదివి ఎల్లా బుకింగ్ సగం రోజులు తగ్గించి హపుతలే పెట్టుకున్నాం. అడిషమ్ వారం మధ్యలో తెరవరా? మాకు మంగళ, బుధ మాత్రమే కుదురుతుంది.

తీరికపిట్ట:
మామూలు వారాల్లో తెరవరు. మీ మంగళ, బుధల్లో పోయ పడుతుందేమో క్యాలెండర్ చూడండి, పౌర్ణమి రోజు అక్కడ సెలవు, ఆ రోజు తెరిచి ఉంటుంది. స్కూలు సెలవుల్లోనూ తెరుస్తారు. పోయ రోజు మందు అమ్మరు, మాంసం కొట్లు కూడా మూసేస్తారు, రైళ్ళు మాత్రం కిక్కిరిసి ఉంటాయి, కాబట్టి ఆ రోజు ప్రయాణం పెట్టుకోకుండా లాడ్జ్‌లోనే ఉండేట్టు చూసుకోండి.

కొత్తగావచ్చా:
చూశా అక్కా, పోయ పడట్లేదు. అయితే ఎల్లాలో ఇంకో రోజు తగ్గించి శనివారం దాకా హపుతలేలోనే ఉంటాం. ఆ ఐదు మెట్ల బంగళా వాళ్ళ నంబర్ మబ్బుదారి అక్క మెసేజ్ చేస్తే ఇవాళే ఫోన్ చేస్తా.

మబ్బుదారి:
పంపించా, చూసుకోండి. చివరి రెండు గదులు అడగండి, వాటికే దక్షిణం వైపు కిటికీలు. రాత్రి భోజనం మధ్యాహ్నం రెండు లోపల చెప్పడం మర్చిపోవద్దు.